తోలు వ్యాపారంలో 'స్థానికం' ఎవరిది?
లంద నుంచి ప్రపంచ మార్కెట్ దాకా

ప్రపంచీకరణ గురించి వ్యాపార శాస్త్రం చదివినవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది. పెద్ద కంపెనీ ఎక్కడికి పోయినా అక్కడి స్థానిక సంస్కృతికి తల వంచాల్సిందే అని. దానికి మన దేశం నుంచి ఇచ్చే ఉదాహరణ మెక్‌డొనాల్డ్స్. 1996లో ఢిల్లీలో తొలి దుకాణం తెరిచినప్పుడు ఆ కంపెనీ గొడ్డుమాంసాన్నీ పందిమాంసాన్నీ పక్కన పెట్టేసింది, బర్గర్‌కు 'మహారాజా' అని పేరు పెట్టుకుంది. చూశారా, స్థానికత గెలిచింది అంటారు.

ఎవరి స్థానికత? గొడ్డుమాంసం తినే మాలమాదిగలు, ముస్లింలు, క్రైస్తవులు ఈ దేశానికి స్థానికులు కారా? కంపెనీ తల వంచింది ఈ నేల మొత్తానికి కాదు. కొనగలిగినవాడి వంటింటికి, వాడి అంటుముట్టులకు తల వంచింది. కులమున్న సమాజంలో 'స్థానిక సంస్కృతి' అనేది ఒకటిగా ఉండదు. పైనున్నవాడి సంస్కృతి సంస్కృతిగానూ, కిందివాడిది మురికిగానూ చలామణి అవుతుంది. ప్రపంచ మార్కెట్టూ స్థానిక సంస్కృతీ ఒకదాన్నొకటి మలుచుకుంటాయన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మలుచుకోవడంలో ఎవరికి ఏం దక్కింది, ఎవరి చేతిలోంచి ఏం జారిపోయింది అని అడగకపోతే ఆ మాట సగం మాటే. ఆ మిగతా సగం కోసం తోలు వ్యాపారాన్ని చూద్దాం.

లంద

యంత్రాలు రాకముందు మన పల్లె వ్యవసాయం తోలు మీద నడిచింది. బావిలోంచి నీళ్లు తోడే మోటకు బొక్కెన, తొండం కావాలి. ఎద్దులకు వార్లు, పట్టెడలు కావాలి. కాపుకు కిర్రుచెప్పులు కావాలి. ఇవన్నీ చేసిపెట్టింది మాదిగవాడ. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, కోసి, తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి, కరక్కాయతో పదును చేసేవాళ్లు. ఏ తోలు ఎన్నాళ్లు ఊరాలి, ఎప్పుడు తిరగెయ్యాలి అన్నది చేతికీ ముక్కుకీ తెలిసిన విద్య. కుళ్లిపోయే పదార్థాన్ని కుళ్లకుండా నిలిపే రసాయన శాస్త్రం అది. అయితే దాన్ని శాస్త్రమని ఎవరూ అనలేదు, కంపు అన్నారు.

ఈ పనికి కూలి లేదు. ఊళ్లో చచ్చిన గొడ్డు తోలు మాదిగకు, దానికి బదులు చెప్పులు, వార్లు, మోట సామాను ఆసామికి. పంట నూర్చినప్పుడు కళ్లం దగ్గర ఇంత మేర. దీన్ని కొందరు పండితులు పరస్పర సహకారమని పొగిడారు. ఒకడు కాదంటే ఊరు విడిచి పోవాల్సిన సహకారం అది. వెట్టి అనే మాట ఉండగా దానికి వేరే పేరు ఎందుకు?

ఐతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కట్టుబాటులో అవమానంతోపాటు ముడిసరుకు మీద ఒక పట్టు కూడా ఉండేది. తోలు మాదిగదే. ప్రపంచ మార్కెట్టు వచ్చి మొట్టమొదట లాక్కున్నది ఆ పట్టునే.

ఓడెక్కిన తోలు

19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రేవు నుంచి సగం పదును చేసిన తోళ్లు లండన్‌కు పోవడం పెద్ద ఎత్తున పెరిగింది. వాటికి అక్కడ పెట్టిన పేరు ఈస్టిండియా తోలు. అందులో వాడింది మన తంగేడు చెక్క, మన కరక్కాయే. అంటే స్థానిక విద్య ప్రపంచ మార్కెట్టును మలిచిందన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. లండన్‌లో తోలు వర్తకులు ఈ దక్షిణాది రకాన్ని ఒక ప్రత్యేకమైన సరుకుగా గుర్తించి కొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోలే పెద్ద ఆధారమయింది. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం పచ్చితోళ్ల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేసి, సామ్రాజ్యంలోని దేశాలకు పోయే సరుకు మీద అందులో ఎక్కువ భాగం తగ్గించిందంటే ఈ సరుకు విలువ అర్థం చేసుకోవచ్చు.

మరి మాదిగకు ఏం జరిగింది? తోలుకు లండన్‌లో ధర పెరిగేసరికి పల్లెలో ఆసామికి కళ్లు తెరుచుకున్నాయి. నిన్నటిదాకా అంటరానిదైన తోలు ఇవాళ డబ్బయింది. చచ్చిన గొడ్డు తోలు నీది కాదు, నాది అన్నాడు. వర్తకుడికి అమ్ముకున్నాడు. గొడ్డును మోసే పని, కోసే పని మాత్రం మాదిగదే. ఈ పాత కట్టుబాటు సడలిపోవడం మద్రాసు రాజధానిలో తోలు పని మీద 1904లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ రాసిన నివేదిక నాటికే కనిపిస్తోంది.

మైల గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. డబ్బు వస్తే మైల పోతుందని కొందరు అనుకుంటారు. పోలేదు, పంచుకోబడింది. తోళ్ల మండీలూ టానరీలూ పెట్టి ఈ వ్యాపారాన్ని పెంచినవాళ్లలో వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు ప్రాంతాల ముస్లిం వర్తకులు ముందున్నారు. సవర్ణ హిందూ వర్తకుడు మైల అని చాలాకాలం దూరంగా ఉన్నాడు. అంటే ఎవరు పెట్టుబడి పెడతారన్నది కూడా కుల సంస్కృతే నిర్ణయించింది. తొట్టిలో దిగి సున్నం నీళ్లలో చేతులు పెట్టింది మాత్రం అక్కడా ఇక్కడా దళితుడే. తమిళనాడులో ఈ పనిలో ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే.

క్రోమ్ కథ

1880లలో అమెరికాలో క్రోమ్ పద్ధతి వచ్చింది. చెట్టు చెక్క బదులు క్రోమియం లవణాలు. వారాల పని రోజుల్లో ఐపోతుంది. 1903 ప్రాంతంలో ఛాటర్టనే మద్రాసులో దీని మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఈ ప్రయోగాల్లో ఆయన ముఖ్యంగా చూసిన వాడకాల్లో ఒకటి మన మోట బొక్కెన. నీళ్లలో నానినా క్రోమ్ తోలు తొందరగా చివకదు కాబట్టి రైతుకు లాభమని లెక్క వేశాడు. అమెరికా రసాయనం, తెలుగు తమిళ పల్లెల బావి, రెండూ ఒకచోట కలిశాయన్నమాట. వ్యాపార పుస్తకాలు ఇష్టపడే ఉదాహరణ ఇది. కానీ ఆ కలయికలో మూడోవాడు ఒకడున్నాడు, ఆ బొక్కెన కుట్టేవాడు. కొత్త పద్ధతికి డ్రమ్ములు కావాలి, రసాయనాలు కావాలి, పెట్టుబడి కావాలి. లందలో అది కుదరదు. మద్రాసు శివార్లలో క్రోమ్ లెదర్ కంపెనీ పేరు మీదుగా క్రోంపేట అనే ఊరే వెలిసింది. మాదిగవాడ పేరు మీద ఏ ఊరూ వెలవలేదు.

తర్వాత మోటే పోయింది. ఆయిలింజన్లూ కరెంటు మోటార్లూ వచ్చాయి. 1931లో బాటా కంపెనీ మన దేశంలో అడుగుపెట్టింది. దానివెంట రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు ఒక్కొక్కటే పల్లెకు చేరాయి. మా వాడ చివర పూడిపోయిన గుంతను మా పెద్దవాళ్లు ఇప్పటికీ లందగుంత అనే అంటారు. నేను యూనివర్సిటీకి వచ్చాక 'సంప్రదాయ పరిశ్రమల క్షీణత' అని చదివిన పాఠం ఆ గుంత గురించేనని అర్థం కావడానికి నాకు కొంత కాలం పట్టింది. పాఠంలో పరిశ్రమ క్షీణించింది. గుంత పక్కన బతికిన మనుషులు ఏమయ్యారన్నది పాఠంలో లేదు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలయ్యారు, కొందరు టౌన్లో చెట్టు కింద ఆరె, రంపె పట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడు డప్పు మీద కూడా మేకతోలు బదులు ఫైబర్ రేకు బిగిస్తున్నారు.

1973 తర్వాత

అమెరికాలో, ఐరోపాలో కాలుష్య చట్టాలు బిగిసేకొద్దీ మురికి కక్కే టానరీలు పేద దేశాల వైపు జరిగాయి. అదే సమయంలో సీతారామయ్య కమిటీ సిఫార్సులతో 1973లో మన ప్రభుత్వం పచ్చితోళ్ల ఎగుమతి ఆపి, సగం పదును తోళ్లకు కోటా పెట్టి, పూర్తిగా తయారైన తోలును, చెప్పులను ప్రోత్సహించింది. దేశానికి డాలర్లు వచ్చాయి. పాలార్ నదికి క్రోమియం, ఉప్పు వచ్చాయి. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని తీర్పు ఇచ్చి, టానరీలకు తలా పదివేల జరిమానా వేసింది. జర్మనీ వాళ్లు తమ ఒంటికి హాని అని పెంటాక్లోరోఫినాల్ అనే మందును నిషేధిస్తే ఇక్కడి టానరీలు ఆ మందు మార్చుకున్నాయి. కొనేవాడి చర్మానికి ఉన్న ఈ విలువ, తొట్టిలో దిగేవాడి చర్మానికి ఏ ఒప్పందంలో ఉంది?

అదే 1973లో ఆంధ్రప్రదేశ్‌లో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ, లిడ్‌క్యాప్, ఏర్పడింది. పెట్టుబడి లేని చర్మకారుణ్ణి నిలబెట్టడం దాని పని. చిన్న పరిశ్రమలకే కేటాయించిన తోలు చెప్పులను 2001లో ఆ జాబితాలోంచి తీసేశారు. పెద్ద పెట్టుబడి రావచ్చునన్నమాట. వచ్చింది. తడ దగ్గర మాంబట్టులో తైవాన్ మూలాలున్న అపాచీ కంపెనీ అడిడాస్ బూట్లు చేస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు అక్కడ నెల జీతం దొరికింది. ఇది చిన్న విషయం కాదు, కళ్లం దగ్గర మేర కోసం నిలబడటం కన్నా మేలే. కులం అడగకుండా జీతమిచ్చే చోటును మనం తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. కానీ ఆ బూటులో తోలు తక్కువ, తోలు విద్యకు చోటు అసలే లేదు. మార్కెట్టు మనిషిని తీసుకుంది, అతని విద్యను తీసుకోలేదు. ఈస్టిండియా తోలు రోజుల్లో విద్యను తీసుకుంది, మనిషిని వదిలేసింది. రెండింటినీ కలిపి తీసుకున్న సందర్భం మనకు కనపడదు.

జపాన్ చెప్పిన మాట

కులానికీ ప్రపంచ వాణిజ్యానికీ సంబంధం ఏముంది అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. జపాన్‌లో తోలు పని చేసేవాళ్లు బురాకుమిన్లు. అక్కడా పుట్టుకతో వచ్చే వెలివాడ బతుకే. విదేశీ తోలును జపాన్ కోటాలతో అడ్డుకుంటోందని అమెరికా గ్యాట్‌లో ఫిర్యాదు చేసింది. ఈ కోటాలు తీసేస్తే మా దగ్గర వివక్షకు గురైన ప్రజల బతుకుతెరువు పోతుంది అని జపాన్ వాదించింది. 1984లో గ్యాట్ ప్యానెల్ ఆ సామాజిక కారణాలను లెక్కలోకి తీసుకునే వీలు నిబంధనల్లో లేదని తేల్చింది. ప్రపంచ వాణిజ్యపు పుస్తకంలో అంటరానితనానికి పేజీ లేదు. గొడ్డుమాంసం తినని వినియోగదారుడి కోసం మెనూ మారుతుంది, తోలు పని చేసే వెలివాడ కోసం నిబంధన మారదు. తేడా ఎక్కడుంది? ఒకడి చేతిలో కొనే శక్తి ఉంది, రెండోవాడి చేతిలో చేసే శక్తి మాత్రమే ఉంది.

కొల్హాపురి నేర్పే పాఠం

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో ఇటలీ కంపెనీ ప్రాదా కొల్హాపురి చెప్పుల్లాంటి చెప్పులను చూపించింది, వాటి పుట్టుక చెప్పలేదు. గొడవయ్యాక మూలం ఒప్పుకుంది. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని, సుమారు 800 యూరోల ధరకు 2000 జతలు ఇక్కడే చేయిస్తామని ప్రకటించింది. ఆ చెప్పులు కుట్టేది చంభార్, ఢోర్, సమగార వంటి కులాలవాళ్లు. పేపర్లు మాత్రం 'భారతీయ వారసత్వం' అని రాశాయి. అవమానం వచ్చినప్పుడు కులానిది, గౌరవం వచ్చినప్పుడు దేశానిది.

ఇక్కడ చట్టం ఎట్లా పనిచేస్తుందో చూడాలి. 2019లో కొల్హాపురి చెప్పులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పేరును కాపాడుతుంది, ఆకారాన్ని కాదు. పేరు వాడకుండా ఆకారం వాడుకుంటే దాని పట్టు జారిపోతుంది. ఆ గుర్తింపుకు హక్కుదారులు కూడా కుట్టేవాళ్లు కాదు, రెండు ప్రభుత్వ కార్పొరేషన్లు. కొందరు లాయర్లు బొంబాయి హైకోర్టుకు పోతే, మీరు హక్కుదారులు కారు అని 2025 జులైలో పిటిషన్ కొట్టేసింది. మాట్లాడే హక్కు కార్పొరేషన్‌ది, కుట్టే పని చర్మకారుడిది.

తోలు దొరకడం కూడా కష్టమయింది. 2015లో మహారాష్ట్ర గోవధ నిషేధాన్ని ఎద్దులకూ విస్తరించింది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. ఒకే సంస్కృతి తోలు ముట్టినందుకు కొడుతుంది, ఆ తోలుతో చేసిన చెప్పును వారసత్వమని గొప్పలు చెప్పుకుంటుంది. మార్కెట్టు ఈ రెండింటితోనూ రాజీపడి బతుకుతుంది.

మనం ఏం అడగాలి?

మనలో ఒక వాదన ఉంది. అంబేడ్కర్ చచ్చిన గొడ్లను మోయడం మానుకోమన్నాడు కదా, మళ్లీ తోలు గురించి మాట్లాడటమెందుకు అని. ఆయన మానుకోమన్నది పుట్టుకతో మెడకు కట్టిన పనిని. కాదనే హక్కు లేని పనిని. ఆ పనిలో దాగిన విద్యకు లెక్క అడగొద్దని ఆయన అనలేదు. పని వదిలిపెట్టే హక్కు, చేసిన పనికి వాటా అడిగే హక్కు ఒకదానికొకటి అడ్డం కావు. మన పిల్లలు కంప్యూటర్లు చదవాలి, డాక్టర్లు కావాలి. అంతమాత్రాన తాతల విద్య మీద వచ్చే లాభం ఇంకొకరికి వదిలెయ్యాల్సిన పని లేదు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. భౌగోళిక గుర్తింపులో హక్కుదారు పేరు కుట్టేవాళ్ల సంఘానిది కావాలి. తోలు కార్పొరేషన్ల భూములు, డబ్బు తోలు కులాల సహకార సంఘాల చేతికి రావాలి. తోలు సాంకేతిక విద్యలో, 1948లో మద్రాసులో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ వంటి చోట్ల, తంగేడు చెక్క విద్య తెలిసినవాళ్ల పిల్లలు కూలీలుగా కాదు, శాస్త్రవేత్తలుగా కూర్చోవాలి. తొట్టిలో దిగేవాడి ఆరోగ్యం ఎగుమతి ఒప్పందంలో ఒక షరతు కావాలి.

ప్రపంచ మార్కెట్టు కులాన్ని కూల్చదు, కులం ప్రపంచ మార్కెట్టును ఆపదు. రెండూ బేరమాడుకుంటాయి. ఇన్నాళ్లూ ఆ బేరం మన తోలు మీద, మనం లేకుండా జరిగింది. బేరం దగ్గర మనకూ కుర్చీ కావాలి.