కోతమిషన్ సరే... కూలి మాటేమిటి?

తెల్లారకముందే క్యారేజీ సర్దుకుని, కొడవలి చేతపట్టి గట్లవెంట నడిచే ఆడకూలీలు... గోదావరి డెల్టాలో సార్వా కోతలంటే ఒకప్పుడు కళ్ళకు కట్టే దృశ్యమిది. ఇప్పుడా చేలల్లో ఎక్కువగా వినిపించేది కోతమిషన్ రొదే.

ఎకరం వరి కోయాలంటే ఎనిమిది, పదిమంది ఆడవాళ్ళు రోజంతా నడుం వంచాలి. ఆ తర్వాత పనలు ఆరాలి, కట్టలు కట్టాలి, కుప్ప వేయాలి, నూర్చాలి, తూర్పారబట్టాలి. మిషనైతే ఇదంతా సుమారు గంటలో తేల్చేస్తుంది. పైగా నవంబరు, డిసెంబరు నెలల్లో తుఫాను భయం ఉండనే ఉంది. కోసిన పనలు నీళ్ళలో నానితే గింజ మొలకెత్తుతుంది. ఇన్ని చూశాక రైతు మిషన్‌ను పిలవడంలో తప్పేముంది? కూలీలను వెతుక్కునే తిప్పలూ తప్పాయాయె!

మిషన్‌కూ ఖర్చుంది

అయితే చేను పడిపోయినా, బురదగా ఉన్నా చైను మిషన్ కావాలి. గంటలు పెరిగితే అద్దె పెరుగుతుంది. మిషన్ కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు కనుక రోడ్డుమీద పోసి ఆరబెట్టాలి. గడ్డేమో చేలో చెల్లాచెదురవుతుంది. దాన్ని మోపులు కట్టే యంత్రానికి మళ్ళీ డబ్బు. ఇంట్లో పాడిగేదె ఉన్న ఇల్లాలికి ఇది చిన్న సంగతేం కాదు.

లెక్కకు రాని నష్టం

ఇవన్నీ రైతు లెక్కలో చేరతాయి. చేరనిది కూలీ ఇంటి లెక్క. కోతల్లో కొన్నిచోట్ల కూలి ధాన్యంగానే ముట్టేది. కోత అయ్యాక పిల్లలతో కలిసి పరిగె ఏరుకునేవారు. ఆ గింజలు కొన్నాళ్ళపాటు ఇంట్లో పొయ్యి వెలిగించేవి. మిషన్ వచ్చాక డ్రైవరు మగవాడు, యజమానీ మగవాడే. ఆడదానికి మిగిలింది నాట్లు, కలుపు.

అలాగని మిషన్ వద్దంటే ఎవరు వింటారు? నడుంనొప్పి తెలిసిన కూలీ కూడా వద్దనదు. అడగాల్సింది అందులో మన వాటా. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం నిబంధనల్లో మహిళలకు, చిన్న, సన్నకారు రైతులకు 50 శాతం, ఇతరులకు 40 శాతం వరకు రాయితీకి వీలు కల్పించారు. కోతమిషన్ ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఒక్కరివల్ల కాకపోవచ్చు, సంఘంగా ప్రయత్నించవచ్చు. గడ్డి మోపుల యంత్రంతోనైనా మొదలుపెట్టవచ్చు. ఆడపిల్లలకు డ్రైవింగు నేర్పించవచ్చు.

ఊళ్ళో రాయితీ యంత్రాలు ఎవరి పేరున ఉన్నాయో, అద్దె డబ్బు ఎవరి చేతికి వస్తోందో ఈసారి సంఘం మీటింగులో అడిగి చూడండి. కొడవలి పోయినా కూలి పోకుండా చూసుకోవాలంటే మొదటి అడుగు అదే!