ఎగరడం కన్న దిగడం కష్టం

మన కైవారం కొండపై తిరిగే గద్దను చూచినారా? కొమ్మపై వాలేముందు రెక్కలెత్తి, ఒళ్లు నిలువుగా నిలిపి, వేగం చంపుకొని గాని కాళ్లానించదు. హ్యాంగ్ గ్లైడరు నేర్చేవారి తంటా అంతా ఇదే.

మేలురకం గ్లైడరు ఒక అడుగు దిగేలోపల సుమారు 15 అడుగులు ముందుకు పోతుంది. ఆకాశంలో అది వరం. చిన్న చేనులో దిగేటప్పుడు అదే శాపం. నేల దగ్గరపడేకొద్దీ ఇంకా తేలుతూ గట్టు మీదికి పోతుంది. అయినా గాలికెదురుగా, వేగంగానే రావాలి. భయపడి పైననే నెమ్మదిస్తే రెక్కకు గాలి పట్టు తప్పుతుంది. 1896లో జర్మనీలో లిలియెంథాల్ రెక్కకు గాలి పట్టు తప్పియే పడి మరణించినాడు. నేలనంటి సమంగా సాగనిచ్చి, వేగం తగ్గిన క్షణాన నిలువు కడ్డీలను రెండు చేతులా పైకి తోయాలి. తొందరపడితే పైకి లేచి పడతారు. ఆలస్యమైతే ముక్కు నేలను గుద్దుతుంది, చేయి విరుగుతుంది. దిగడం రానిది ఎగరడమెందుకని పెద్దలంటారు, న్యాయమే! అందుకే మొదట చిన్న మిట్టమీద, నిదానపు గ్లైడరుతో ఈ దిగుడే సాధన చేయిస్తారు. మేలురకం ఎక్కినాక కొందరు వెనుక చిన్న పారాచ్యూటు విప్పి దూకుడు తగ్గించుకొంటారు.