తక్కువ అన్నం, ఎక్కువ ఇనుము

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. పెద్దగా ఒళ్లు వంచే పని లేని 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కిలోకాలరీలు కావాలి. అంతే పని ఉన్న 55 కిలోల స్త్రీకి 1,660 చాలు. ఇనుము దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది: అతనికి 19 మిల్లీగ్రాములు, ఆమెకు 29. అంటే అతను తినేదాంట్లో ఐదింట నాలుగు వంతులు తింటూ, ఆమె ఒకటిన్నర రెట్ల ఇనుము సంపాదించుకోవాలి. ఇద్దరి కంచాల్లోనూ అదే అన్నం, అదే చారు ఉంటే ఇది కుదిరే పని కాదు.

ఇంత తేడా ఎందుకు? ఒంట్లో చేరిన ఇనుమును బయటికి పంపే ఏర్పాటంటూ మన శరీరంలో లేదు. చర్మం నుంచి, పేగుల లోపొర నుంచి రాలే కణాలతో రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా పోతుంది. మగవాడి ఖర్చు అంతే. స్త్రీకి నెలసరిలో సగటున 30-40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిల్లీలీటరు రక్తంలో అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కనుక నెలకు 15-20 మిల్లీగ్రాములు, రోజుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. చూడ్డానికి ఏముందనిపిస్తుంది. కాని మన భోజనంలోని ఇనుములో పేగులు పీల్చుకునేది నూటికి ఎనిమిది పాళ్లేనని ఆ సంస్థ లెక్క. ఆ కాస్త నష్టం పూడాలన్నా కంచంలో ఆరేడు మిల్లీగ్రాములు అదనంగా ఉండాలి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుంటే ఇంకా ఎక్కువ.

మన ఇళ్లలో జరిగేది దీనికి విరుద్ధం. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే ఇల్లాలికి గిన్నెలో మిగిలేది కూర కాదు, అన్నం. పచ్చడీ మజ్జిగతో ఆ పూట గడిచిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అదే వయసు పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అన్నిటికీ ఇనుము లోటే కారణం కాదు. బి12, ఫోలిక్ ఆమ్లం తగ్గినా, నులిపురుగులున్నా రక్తహీనత వస్తుంది. అయినా ఇంత అంతరం వెనక ఆ ఆఖరి పంక్తి కూడా ఉందని నా గట్టి నమ్మకం.

ఎంత తిన్నామన్నదే కాదు, దేనితో తిన్నామన్నదీ ముఖ్యం. తృణధాన్యాల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచి పేగుల్లోకి పోనివ్వవు. పెసలు మొలకెత్తిస్తే, ఇడ్లీపిండి పులిస్తే ఆ పట్టు సడలుతుంది. విటమిన్ సి ఇనుమును పేగులు సులువుగా తీసుకునే రూపంలోకి మారుస్తుంది. అందుకే తోటకూర పప్పులో నిమ్మరసం పిండాలి, అదీ పొయ్యి మీంచి దించాక. మరుగుతుండగా పిండితే విటమిన్ చాలావరకు నశిస్తుంది. అన్నం తిన్నాక ఒక జామకాయ ఇంకా మంచిది. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. టీ, కాఫీలు ఇనుము ఒంటబట్టకుండా అడ్డం పడతాయి. టిఫిన్ అవగానే గ్లాసు అందుకునే అలవాటు మానుకుని, తిండికి ముందూ వెనకా గంట ఎడం ఉంచాలి. ఇనుము మాత్రను టీతో మింగడమంటే దాన్ని చాలావరకు వృథా చేసుకోవడమే. మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము మాత్రం ఈ అడ్డంకులను పెద్దగా లెక్కచేయదు. పైగా మాంసం పక్కనున్న కూరలోని ఇనుమును కూడా లోపలికి పోనిస్తుంది. కోడికూరలో ముక్కలు మగవాళ్లకు, పులుసు ఆడవాళ్లకు అనే పంపకం అందుకే అన్యాయం.

బెల్లం తింటే రక్తం పడుతుందంటారు. వంద గ్రాముల్లో ఉన్నది ఐదు మిల్లీగ్రాముల లోపే. అంత బెల్లం రోజూ ఎవరు తినగలరు, తింటే మాత్రం ఆ చక్కెర సంగతేమిటి?

గర్భిణికి తిండి ఒక్కటే చాలదు. ప్రభుత్వం 180 రోజులపాటు, రోజుకు 60 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్ర ఇస్తున్నది అందుకే. నెలసరి ఆగిపోయాక స్త్రీకి ఇనుము అవసరం మగవాడి స్థాయికి దిగుతుంది. అప్పటినుంచి ఎముకల మీద శ్రద్ధ పెట్టాలి, పాలు, పెరుగు, రాగులు పెంచాలి. ఇంట్లో అందరూ కలిసి ఇనుము టానిక్ తాగడం సరికాదు. అక్కర్లేని ఇనుము బయటికి పోలేక కాలేయంలో పేరుకుంటుంది. మగవాడికి గాని, నెలసరి ఆగిన స్త్రీకి గాని ఇనుము తగ్గి హిమోగ్లోబిన్ పడిపోతే మాత్రలతో సరిపెట్టకూడదు. కడుపులో పుండు, మొలలు, పెద్దపేగులో గడ్డ లాంటివాటి వల్ల లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి.