తెలిసి చేసిన నేరమా? తెలియక చేసినదా?

హత్యావార్త పత్రికలో చదివినప్పుడు మన నోట మొదట వచ్చే మాట "ఉరి తీయాలి" అన్నదే. చంపిన వ్యక్తికి మతిస్థిమితం లేదని లాయరు చెబితే, "అదంతా నాటకం, శిక్ష తప్పించుకొనే ఎత్తు" అంటాము. ఆ కోపం అసహజమైనది కాదు. పోయిన ప్రాణం విలువ తెలిసిన వారికే అది వస్తుంది. అయితే చేసిన పనిని మాత్రమే కాక, చేసిన మనిషి మనస్సు ఏ స్థితిలో ఉన్నదో కూడా చూడవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. విశ్వాస కుటుంబాలు తప్పక ఆలోచించవలసిన అటువంటి సంగతి ఒకటి అమెరికాలో జరిగింది.

ఐదుగురు బిడ్డల తల్లి

2001 జూన్ 20న టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఆండ్రియా యేట్స్ అనే తల్లి తన ఐదుగురు పిల్లలను ఇంట్లోని స్నానపు తొట్టిలో ముంచి చంపింది. పెద్దవాడికి 7 ఏళ్లు, చివరి పాపకు 6 నెలలు. తరువాత ఆమే పోలీసులకు ఫోను చేసి రమ్మన్నది.

ఆమె క్రూరురాలని పేరుపడిన మనిషి కాదు. పూర్వం నర్సుగా పనిచేసింది. భర్త నాసాలో ఉద్యోగి. దైవభక్తి గల ఇల్లు. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకొనేది. కాని 1999లో నాలుగవ బిడ్డ పుట్టిన తరువాత ఆమె రెండుసార్లు ఆత్మహత్యకు ప్రయత్నించింది. ఆసుపత్రిలో చేర్చారు. మరో కాన్పు జరిగితే జబ్బు తిరగబెట్టవచ్చని వైద్యురాలు హెచ్చరించింది. అయినా 2000 నవంబరులో ఐదవ బిడ్డ పుట్టింది. 2001 మార్చిలో తండ్రి చనిపోయాడు. ఆమె మళ్లీ క్రుంగిపోయింది, మళ్లీ ఆసుపత్రిపాలైంది. ఉన్మాదాన్ని అణచే మందును ఆ ఘోరానికి సుమారు రెండు వారాల ముందు ఆపివేశారు.

ఆమె మనస్సులో జరిగినది వింటే ఒళ్లు జలదరిస్తుంది. సాతాను తనలో ఉన్నాడని, తన పెంపకంలో పిల్లలు పాడైపోతున్నారని, ఇప్పుడే చనిపోతే నరకం తప్పి పరలోకం చేరతారని ఆమె నమ్మింది. జబ్బుపడిన మనస్సు తనకు తెలిసిన మాటలతోనే తన భయాన్ని అల్లుకొంటుంది. ఆమెకు బాగా తెలిసినవి గుడి మాటలు. అందుచేత ఆమె భ్రమ కూడా ఆ మాటలతోనే మాట్లాడింది.

ఒకే తల్లి, రెండు తీర్పులు

2002 మార్చిలో విచారణ జరిగింది. ఆమెకు మానసిక రోగం ఉన్నదన్న విషయంలో పెద్ద వివాదం లేదు. "చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసా?" అన్నదే ప్రశ్న. భర్త పనికి వెళ్లేవరకు ఆగింది, తానే పోలీసులను పిలిచింది, కాబట్టి తెలుసునని ప్రభుత్వ పక్షం వాదించింది. జ్యూరీ నాలుగు గంటలు గడవకముందే ఆమెను హంతకురాలిగా తేల్చింది. మరణశిక్షకు మాత్రం ఒప్పుకోక యావజ్జీవ శిక్ష వేసింది.

ఆ రోజులలో అమెరికా రెండుగా చీలిపోయింది. ఐదుగురు పసివారిని చంపిన చేతులకు దయ ఎందుకని కొందరు అడిగారు. చికిత్స సరిగా అందని రోగిని చెరసాలలో పెడతారా అని మరికొందరు అడిగారు. భార్యను ద్వేషించక, జబ్బే ఈ పని చేసిందని చెప్పిన భర్తను కూడా నిందించినవారున్నారు.

తరువాత ఒక సంగతి బయటపడింది. ఇటువంటి కథే ఒక టీవీ సీరియల్‌లో అంతకుముందు వచ్చిందని ప్రభుత్వ పక్షాన ఒక మానసిక వైద్యుడు సాక్ష్యం చెప్పాడు. అటువంటి కథ అసలు ప్రసారమే కాలేదు. ఈ పొరపాటు కారణంగా 2005 జనవరిలో అప్పీలు కోర్టు శిక్షను కొట్టివేసింది. తిరిగి విచారణ జరిగి, 2006 జూలై 26న మరొక జ్యూరీ, మతిస్థిమితం లేనందున ఆమె దోషి కాదని తీర్పు చెప్పింది. ఆమె ఇంటికి వెళ్లలేదు. ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపబడింది.

ఈ చట్టం ఎక్కడిది?

1843 జనవరిలో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చాడు. కొద్ది రోజులకు డ్రమండ్ మరణించాడు. అధికార పక్షం వారు తనను వెంటాడి హింసిస్తున్నారని హంతకుని భ్రమ. మతిస్థిమితం లేదని కోర్టు అతనిని విడిచిపెట్టినప్పుడు దేశమంతా మండిపడింది. విక్టోరియా రాణి సైతం అసంతృప్తి చెందింది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి వివరణ అడిగింది. వారు చెప్పిన సమాధానాలే మెక్‌నాటన్ నియమాలుగా ప్రసిద్ధికెక్కాయి. ప్రజలు "తప్పించుకొన్నాడు" అన్న ఆ మనిషి 1865లో చనిపోయేవరకు పిచ్చాసుపత్రులలోనే ఉన్నాడు.

మన దేశపు 1860 నాటి శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ ఈ నియమాలను అనుసరించినదే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షన్. చేస్తున్న పని ఏమిటో, అది తప్పు లేక చట్టవిరుద్ధమో తెలుసుకోలేనంతగా మనస్సు చెడి ఉంటే ఆ పని నేరం కాదని దాని సారాంశం. 2014లో సుప్రీం కోర్టు మరొక అడుగు వేసి, మరణశిక్ష పడిన ఖైదీకి మతిస్థిమితం తప్పితే, శిక్షను యావజ్జీవానికి తగ్గించడానికి అది ఒక కారణమని తీర్పు చెప్పింది.

నాటకమాడితే?

ఈ అనుమానం సబబైనదే. దావీదు అంతటివాడు గాతు రాజు ఎదుట పిచ్చివానివలె నటించి ప్రాణం దక్కించుకొన్నాడు. అందుకే కోర్టులు ఊరకే నమ్మవు. మతిస్థిమితం లేదని చూపవలసిన భారం నిందితుని మీదనే ఉంది. నేరానికి ముందు, ఆ సమయంలో, ఆ తరువాత అతని ప్రవర్తన ఎలా ఉన్నది, పూర్వం వైద్యం జరిగిందా అన్నవన్నీ పరిశీలిస్తారు. జబ్బు ఉన్నంత మాత్రాన చాలదు. త్రాగిన మైకం, ముక్కోపం ఈ లెక్కలోకి రావు. నిర్దోషి అన్న తరువాత కూడా ఆ మనిషిని వెంటనే వీధిలోకి వదలరు. భద్రమైన చోట ఉంచడమో, హామీ తీసుకొని బంధువులకు అప్పగించడమో చేస్తారు.

ఆశ్రయపురములు

ధర్మశాస్త్రంలో ఆరు ఆశ్రయపురముల ఏర్పాటు మనకు తెలిసినదే. పొంచియుండి పగతో చంపినవానికి అక్కడ చోటు లేదు. తెలియక చంపినవానికి ఉన్నది. ఇది మతి తప్పినవారిని గురించి చెప్పినది కాదు గాని, అందులోని న్యాయం గమనించదగినది. హత్యవిషయమై ప్రతిహత్య చేయువాని కోపం తీర్పు కాకూడదు. సమాజము విచారించాలి. తెలియక చేసినవాడు కూడా ప్రధానయాజకుడు మరణమయ్యేవరకు ఆ పట్టణం దాటి రాకూడదు. చచ్చినవాని ప్రాణానికీ విలువ ఉన్నది, చంపినవాని మనస్సుకూ లెక్క ఉన్నది.

మన ఇళ్లలో, మన సంఘాలలో

ప్రియ పాఠకులారా, మానసిక రోగులలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. ఇతరుల చేతిలో వారే ఎక్కువగా దెబ్బలు తింటారు. కాబట్టి భయపడి దూరం పెట్టకండి. అయితే కాన్పు తరువాత వచ్చే ఉన్మాదాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఇది వెయ్యి కాన్పులలో ఒకరిద్దరికి వస్తుంది. బాలింత రోజుల తరబడి నిద్రపోకుండా ఉన్నా, ఎవరో మాట్లాడుతున్నట్లు వినబడుతున్నదన్నా, బిడ్డలో దయ్యమున్నదన్నా, చావు మాటలు మాట్లాడినా ఆమెను బిడ్డతో ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్లాలి. "గాలి సోకింది, ఉపవాసముండి ప్రార్థిద్దాం" అని ఆగిపోకూడదు. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి. సగంలో మందు ఆపమని ఏ బోధకుడూ చెప్పకూడదు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నెంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

బదరీవృక్షం క్రింద చావు కోరుకొన్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అత్తగారు, అమ్మ, తోటికోడలు, పాస్టరమ్మ, పొరుగింటి అక్క ఒక బాలింతకు చేయగలిగిన పరిచర్య కూడా అదే. బిడ్డను కాసేపు ఎత్తుకొని ఆమెను నిద్రపోనివ్వండి. ఆమె మాటలలో తేడా కనిపిస్తే దాచకుండా ఇంటివారికి చెప్పండి. కోర్టు ఎంత న్యాయంగా తీర్పు చెప్పినా పోయిన బిడ్డలను తిరిగి ఇవ్వలేదు. వారిని కాపాడే అవకాశం కోర్టు కంటె ఎంతో ముందుగా మన చేతిలో ఉంటుంది.