రాత్రిపూట పెరిగే వోల్టేజి

లో వోల్టేజి వస్తే వర్క్‌షాపులో అందరికీ తెలిసిపోతుంది. లైట్లు మసకబారతాయి, మోటారు మూలుగుతుంది, స్టార్టరు ట్రిప్పవుతుంది. హై వోల్టేజికి ఆ హడావుడి ఉండదు. యంత్రం హుషారుగానే తిరుగుతుంది. లోపల వైండింగ్ మాడుతూ ఉంటుంది.

వీధిలోని పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టులను 433 వోల్టులకు దించుతుంది. కావలసింది 415 అయినా, లోడు పడ్డాక తరిగిపోయేదాన్ని ముందే కలిపిన లెక్క అది. పగలు పారిశ్రామికవాడలో లేతులన్నీ తిరుగుతుంటే లెక్క సరిపోతుంది. రాత్రి సగం షెడ్లు మూతపడగానే ఆ తరుగు ఉండదు. పైన లైను 11.5 కిలోవోల్టులకు చేరిందా, మన దగ్గర 453 కనిపిస్తుంది. కెపాసిటర్లను ఆపకుండా వెళ్లిపోతే ఇంకాస్త ఎక్కుతుంది.

415 ప్లేటున్న మోటారు దీన్ని ఎలాగో తట్టుకుంటుంది. సెకండ్‌హ్యాండులో కొన్న పాత ఐరోపా మిల్లింగ్ యంత్రం సంగతి వేరు. దాని ప్లేటు మీద 380 అని ఉంటే, 453 అంటే 19 శాతం ఎక్కువ. మోటారులోని ఇనుప కోరు కొంత అయస్కాంతత్వాన్నే మోయగలదు. ఆ హద్దు దాటాక, నిండిన గోనెసంచిలో ఇంకా కుక్కినట్టే, కొద్దిపాటి వోల్టేజి పెంపుకే కరెంటు విపరీతంగా పెరుగుతుంది. అందుకే ఉత్తినే తిరిగే మోటారు కూడా వేడెక్కుతుంది. 'లోడే లేదు, ఎలా కాలింది?' అనే ప్రశ్నకు ఇదొక జవాబు.

చాలామంది వెంటనే సర్వో స్టెబిలైజర్ ధర అడుగుతారు. నన్నడిగితే అది ఆఖరి మాట. ముందు రాత్రిపూట, ఆదివారం మూడు ఫేజులనూ న్యూట్రల్‌తో కొలిచి రాసుకోవాలి. ఒకటి బాగా పెరిగి మరొకటి తగ్గితే న్యూట్రల్ వదులైందని అనుమానించి, మెయిన్ ఆపేయాలి. మూడూ సమానంగా ఎక్కువుంటే, ఆ కాగితంతో విద్యుత్ కార్యాలయానికి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చమనాలి. ట్యాపులున్న వాటిలో సాధారణంగా ఒక్కో మెట్టు రెండున్నర శాతం. సరఫరా ఆపి చేయాల్సిన పని అది, మనం ముట్టుకోకూడదు.

ఇబ్బంది ఆ 380 యంత్రానికే అయితే చవకైన దారి ఉంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల సెకండరీలను లైనుతో వరసలో, ఎదురు దిశలో కలిపితే వోల్టేజి తగ్గుతుంది. 20 కేవీఏ యంత్రానికి పది శాతం దించడానికి మొత్తం మీద సుమారు 2 కేవీఏ చాలు. రాత్రి 453 కాస్తా 408 అవుతుంది, పగటి 415 వచ్చి 373 దగ్గర నిలుస్తుంది. రెండూ ఆ మోటారుకు పర్వాలేదు. కానీ తీగలు తిరగబడితే వోల్టేజి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, యంత్రం కలపకముందే మీటరు పెట్టి చూడమనండి.