స్ఫటికములోని అజ్ఞాత అతిథి

ఒకే పదమునకు పలు అర్థములుండుట మన నిఘంటువులలో వింత గాదు. "హరి" యనగా విష్ణువు కావచ్చును, సింహము కావచ్చును, కోతియు కావచ్చును. ప్రక్కన శంఖచక్రములున్నచో విష్ణువనియు, చెట్టుకొమ్మ యున్నచో కోతియనియు బాలురు సైతము గ్రహింతురు. పొరుగును బట్టి అర్థమును నిర్ణయించు ఈ పద్ధతి సాహిత్యమునకే చెందినదని తలచువారు ప్రోటీను స్ఫటికశాస్త్రమును ఒకమారు పరికింపవలెను.

ప్రోటీను స్ఫటికముపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసినచో, అవి అందలి ఎలక్ట్రానుల వలన చెదరును. ఆ చెదరిన తీరును గణించి శాస్త్రజ్ఞులు ఎలక్ట్రానుల సాంద్రతా పటమును నిర్మింతురు. ఎలక్ట్రానులు మెండుగా నున్నచోట గుట్టలు, లేనిచోట మైదానములు. ప్రోటీను గొలుసును ఆ గుట్టలలో అమర్చిన పిమ్మట కొన్ని గుట్టలు ఒంటరిగా మిగులును. అచట నున్నది నీటి అణువా, లోహపు అయానా? పటముపై పేరు వ్రాసియుండదు గదా!

చిక్కు ఇచటనే కలదు. నీటి అణువునకు 10 ఎలక్ట్రానులు. సోడియం, మెగ్నీషియం అయానులకును పదేసి. పొటాసియం, కాల్షియం, క్లోరైడు అయానులకు 18 చొప్పున. గుట్ట ఎత్తును మాత్రమే చూచి వీనిని వేరుపరచుట దుస్సాధ్యము. పైగా స్ఫటికములోని కొన్ని ప్రోటీనులలో ఆ స్థానము ఖాళీగా నున్నచో, బరువైన అయాను సైతము తేలికదానివలె కనబడును. మా కారేపల్లి అడవి అంచున జాడ తీయువాడు అడుగు లోతునొక్కదానినే నమ్మడు. నేల మెత్తనిదైన చిన్న జంతువు అడుగు కూడ లోతుగా దిగును. గిట్టల ఆకారమును, అడుగుల నడిమి దూరమును చూచి గాని పేరు చెప్పడు.

స్ఫటికజ్ఞుడును దూరములనే కొలుచును. సెంటీమీటరులో 10 కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రాము. మెగ్నీషియం సాధారణముగా ఆరు ఆక్సిజనులను సుమారు 2.1 ఆంగ్‌స్ట్రాముల దూరమున నిలుపుకొనును, సోడియం 2.4, పొటాసియం 2.8 ప్రాంతమున. క్లోరైడు ఋణావేశము గలది గనుక నత్రజని నంటియున్న హైడ్రోజనుల చెంత చేరును. స్ఫటికమును పెంచిన ద్రావణములో ఏ లవణములు కలిపిరో విచారించుటయు అవసరమే. జింకునకు మరియొక సాక్ష్యము కలదు. 1.28 ఆంగ్‌స్ట్రాములకంటె పొట్టి తరంగముతో చూచినచో దాని గుర్తు ప్రస్ఫుటమగును. పొడుగు తరంగముతో చూచినచో మాసిపోవును.

ఈ శ్రమ యెందుకని విద్యార్థులు అడుగవచ్చును. థ్రియోనిన్ అను అమైనో ఆమ్లమును దాని వాహకమైన టి-ఆర్‌.ఎన్‌.ఏ.కు జతపరచు ఎంజైము మన దేహములందును కలదు. వాలీన్ అను మరియొక ఆమ్లము ఆకారమున థ్రియోనిన్‌కు కవలవంటిది. మోసపోయినచో ప్రోటీను కట్టడమే తప్పుదారి పట్టును. 1999లో ఫ్రాన్సుదేశపు స్ట్రాస్‌బర్గులో రాజన్ శంకరనారాయణన్, డీనో మోరా ప్రభృతులు బాక్టీరియాకు చెందిన ఈ ఎంజైము నిర్మాణమును వెల్లడించి, దాని క్రియాస్థానములో ఒక జింకు అయానును గుర్తించిరి. ఒక సిస్టీన్, రెండు హిస్టిడిన్‌లు దానిని పట్టియున్నవి. 2000లో వారు దాని పనిని తెలిపిరి: జింకు థ్రియోనిన్‌ను అమైనో, హైడ్రాక్సిల్ సమూహములు రెండింటితోను పట్టుకొనును. వాలీన్‌కు ఆ హైడ్రాక్సిల్ లేదు గనుక ప్రవేశము లేదు. ఆ గుట్టను నీటి అణువని వ్రాసి ముగించియున్నచో ఈ ద్వారపాలకుని రహస్యము బయల్పడెడిది కాదు. శంకరనారాయణన్ తరువాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చేరి, ప్రోటీను కట్టడములో తప్పులు దిద్దబడు విధమును పరిశోధించి, 2020లో ఇన్ఫోసిస్ బహుమానమును పొందిరి.

1971లో నెలకొనిన ప్రోటీను డేటా బ్యాంకులో ఇట్టి నిర్మాణములు భద్రపరుపబడుచున్నవి. ఔషధములు రూపొందించువారు వానినే ఆధారముగా గొందురు గనుక, అచట ఒక పేరు తప్పినచో వెనుక వచ్చువారి శ్రమ వ్యర్థమగును. అందుచేత సాక్ష్యము చాలనపుడు "గుర్తు తెలియనిది" అని నమోదు చేయుటకు యు.ఎన్‌.ఎక్స్. అను సంకేతమునే ఆ బ్యాంకు ఏర్పరచినది. ఊహతో పూరించిన జవాబుకంటె ఖాళీగా విడిచిన గడి మేలని మన పిల్లలకు నేర్పుటకు ఇంతకుమించిన ఉదాహరణ మేమి కావలెను?