తుగ్గలి నుంచి ఆన్‌లైన్ పీజీ

అడ్మిషన్, పాఠం, అసైన్‌మెంట్ అన్నీ ఇంటర్నెట్ మీదే జరిగే రెండేళ్ల చదువు ఆన్‌లైన్ పీజీ. ఇంటికి పుస్తకాలు పంపి, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో క్లాసులు పెట్టే దూరవిద్య వేరు, ఇది వేరు. దూరవిద్య తెలుగువాళ్లకు పాతదే. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేలమీదే పుట్టింది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. ఆన్‌లైన్ డిగ్రీలకు మాత్రం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చి, 2020 సెప్టెంబరులో వాటిని దూరవిద్యతో కలిపి తిరగరాసింది.

గుంతకల్లు–డోన్ రైలు మార్గంలోని తుగ్గలి లాంటి చోట ఈ చదువు అక్కరకొచ్చేది పీజీ దగ్గరే. డిగ్రీ అయితే పత్తికొండకో గుంతకల్లుకో పోయి వస్తూ చదువుకోవచ్చు. పీజీ అంటే కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, లేదంటే అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ. అంటే హాస్టల్లో ఉండాల్సిందే. పెళ్లయిన అమ్మాయికి, సచివాలయ ఉద్యోగికి, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పంతులుకు అది అయ్యే పని కాదు.

ప్రతి పేపరుకూ వీడియో పాఠం, చదవాల్సిన నోట్సు, సందేహాలు అడిగే చర్చావేదిక, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు ఉంటాయి. వీడియో చూసేస్తే చదివినట్టే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు, రోజుకు గంటన్నర కూర్చుంటే 80 రోజులు. ఇంటిపని తెమిలి, పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటికి ఫోన్ తెరిచే మనిషికి ఆ గంటన్నర తేలిగ్గా దొరకదు. ఫోన్లో పాఠం వినొచ్చు గానీ, అసైన్‌మెంట్ టైపు చేయడానికి కంప్యూటర్ కావాలి.

అంతకన్నా కష్టం భాష. డిగ్రీ తెలుగు మీడియంలో చదివినవాళ్లకు పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఎదురవుతాయి. వీడియో ఆపి, వెనక్కి జరిపి, నాలుగుసార్లు వినే వీలుండటం ఇక్కడ పెద్ద ఆసరా. తరగతి గదిలో మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఇక సుగ్గి వలస. పంటలు అయిపోగానే ఈ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీయడానికి, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వెళతాయి. వెంట వెళ్లిన విద్యార్థికి పాఠం ఫోన్లో అందుతుంది. పగలంతా చేనులో వంగి చేసిన ఒంటికి చదివే ఓపిక ఎక్కడిది? యూనివర్సిటీలు గడువు తేదీలు పెట్టేటప్పుడు ఇలాంటి ఇళ్లను తలచుకోవాలి.

మార్కుల్లో కనీసం 70 శాతం సెమిస్టర్ చివరి పరీక్షకే. అది పరీక్షా కేంద్రంలోనైనా, కెమెరా నిఘాలో ఇంటి దగ్గరైనా జరగొచ్చు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం ఈ పద్ధతిలో లేవు. ఫీజు కట్టే ముందు ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్లో చూసుకోవాలి. ‘పరీక్ష సంగతి మేం చూసుకుంటాం’ అనే ఏజెంట్లకు పైసా ఇవ్వకూడదు, ఫ్రాంచైజీలు పెట్టడమే నిషిద్ధం. అనుమతి ఉన్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. 55 శాతం మార్కులుంటే, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ వర్గాలకైతే 50 శాతమే ఉన్నా, ఆ పీజీతోనే అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయొచ్చు.